పత్రికల్లో మా కళ్ళు
(ఆగస్టు 29న ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పెద్దలకు, తోటి తెలుగువాళ్ళకు, ఈ వానలో పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చిన అమ్మలకు నమస్కారం.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజున తెలుగు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తెలుగు గురించి నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఈ హాల్లోనే బోలెడుమంది ఉన్నారు. అందుకని నిర్వాహకుల్ని అడిగి విషయం కాస్త మార్చుకున్నాను. నేను బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదువుకునే రోజుల్లోనే చూపు తగ్గడం మొదలై, ఉద్యోగంలో చేరేనాటికి పూర్తిగా పోయింది. రోజూ పేపరు వింటాను. వింటూ దానితో పోట్లాడతాను. ఇన్నాళ్ళూ ఆ పోట్లాటంతా మా ఆవిడే భరించింది. ఈ పూట మీ వంతు.

పేపరు ఎలా వింటానో ముందు చెప్పాలి. పొద్దున్నే శ్రీకాకుళం ఎడిషన్ వస్తుంది. మా ఆవిడ కాఫీ తాగుతూ చదివి వినిపిస్తుంది. తనకు నచ్చని వార్తలు దాటేస్తుంది. దాటేస్తోందని నాకు తెలుసు, నాకు తెలుసని తనకూ తెలుసు. దాటేసినవి తర్వాత ఫోన్లో వింటాను. ఫోన్లో టాక్‌బ్యాక్ అని ఒకటుంటుంది, స్క్రీన్ మీది అక్షరాల్ని పైకి చదువుతుంది. వెబ్‌సైట్లో పెట్టిన వార్తనైతే చక్కగా చదివేస్తుంది. అదే చాలా ఈ-పేపర్లు తెరిస్తే నోరు మెదపదు. వాటిలో ఉండేది పేజీ ఫోటో. ఫోటోలోని అక్షరం దానికి కనపడదు, నాలాగే. అంధుల హక్కుల మీద మంచి సంపాదకీయం రాసి దాన్ని ఫోటోగా అతికిస్తే, ఆ హక్కులున్నవాడికి అది అందదు. రాసినాయన గొంతు చించుకుని ఏం లాభం?

ఏటా ఈ రోజున పంతులుగారి మీద వ్యాసాలు వస్తాయి. వాటిలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి కొండలెక్కి తిరిగారు, మలేరియా పట్టుకుంది, క్వినైన్ వాడి వాడి చెవుడు వచ్చింది అని. ఆ వాక్యం తర్వాత వ్యాసం చకచకా ముందుకు పోతుంది. నేను మాత్రం అక్కడే ఆగిపోతాను. కాగితం మీద లేని భాష అది. నోటి నుంచి చెవికి వచ్చేది. దాన్ని పట్టుకోబోయిన మనిషికి చెవే పోయింది. మరి ఆ తర్వాత పని ఎలా చేశారు? సవర మాట ఎవరు ఆయన చెవిలో గట్టిగా చెప్పారు? వాడుక భాష కోసం అన్ని సభల్లో వాదించారు కదా, అవతలివాళ్ళ వాదన ఆయనకు ఎలా చేరింది? సవర భాష మీద ఆయన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంటే పని ఆగలేదు. ఆగకుండా ఏదో ఏర్పాటు చేసుకునే ఉంటారు. వ్యాసం దాన్ని త్యాగం అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. నాకు ఆ ఏర్పాటు సంగతి కావాలి.

పేపర్లతో నా పేచీ అంతా ఇక్కడే ఉంది. మా కళ్ళ గురించి రాస్తారు. మా దారికి అడ్డంగా ఏముందో, అక్కడ దాన్ని ఎవరు పెట్టారో, ఎవరు తీశారో రాయరు. అన్నట్టు, దివ్యాంగులు అనాలా, అంధులు అనాలా, చూపులేనివారు అనాలా అన్న చర్చలోకి నేను దిగను. సగం సభలు ఆ చర్చతోనే అయిపోతాయి.

2025 నవంబర్‌లో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్ జరిగింది. కొలంబోలో ఫైనల్, నేపాల్ మీద మనవాళ్ళు గెలిచారు. ఆ జట్టులో ఒడిశా అమ్మాయి ఫూలా సరెన్ ఉంది, ఆంధ్రా మన్యం నుంచి పాంగి కరుణకుమారి ఉంది. మనకు అటూ ఇటూ చుట్టాలే. మర్నాడు పేపర్ల కోసం నేను ఎంత ఆత్రపడ్డానో చెప్పలేను. వార్తలు వచ్చాయి, బాగానే వచ్చాయి. చీకట్లు చీల్చారన్నారు, విధిని ఎదిరించారన్నారు. మనోనేత్రం అన్నవాళ్ళూ ఉన్నారు. సరే, సంతోషం. ఆట ఎలా ఆడారు అన్నది మాత్రం నేను విన్న వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

మీలో ఎంతమందికి తెలుసో గానీ, చెప్తాను. అంధుల క్రికెట్లో బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల బేరింగు గుళ్ళుంటాయి, దొర్లుతుంటే గలగలమంటాయి. బౌలర్ చెయ్యి భుజం పైకెత్తి వెయ్యకూడదు, కింది నుంచే విసరాలి. బంతి పిచ్ సగం దాటకముందే నేలను తాకాలి, లేకపోతే ఆ చప్పుడు వినపడదు. బౌలర్ ముందు రెడీనా అని అడగాలి, బ్యాటర్ అవునన్నాకే వెయ్యాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివాళ్ళుండాలి. వాళ్ళను బి1 అంటారు. కొద్దిగా కనపడేవాళ్ళు బి2, ఇంకొంచెం మెరుగైనవాళ్ళు బి3. బి1 బ్యాటర్ ఒక పరుగు తీస్తే స్కోరులో రెండు రాస్తారు. ఎంత కట్టుదిట్టమైన ఆటో చూడండి. ఎవరికి ఎంత కనపడుతుందో కొలిచి, దానికి తగ్గట్టు నియమాలు పెట్టి, చివరికి గెలుపోటములు ఆట మీదే తేలేలా చేశారు. ఫైనల్లో ఫూలా 44 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. ఆ 44 ఎలా వచ్చాయి? ఏ వైపు కొట్టింది? స్వీప్ షాట్లా? మామూలు క్రికెట్ వార్తలో ఇవన్నీ ఉంటాయి కదా. ఈ అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి కన్నీళ్ళు, కష్టాలు, తల్లిదండ్రుల పేదరికం. చూపులేనివాడు ఏ పనిచేసినా వార్తకు అతని పని కనపడదు. ఇంతకీ ఇక్కడ గుడ్డితనం ఎవరిదని మా ఆవిడను అడిగాను. పేజీ తిప్పేసింది.

బొల్లా శ్రీకాంత్ పేరు మీ అందరికీ తెలుసు. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, సొంతంగా పరిశ్రమ పెట్టినాయన. ఆయన గురించి రాసేటప్పుడు పట్టుదల అన్న మాట లేకుండా వార్త పూర్తికాదు. పదో తరగతి తర్వాత సైన్సు తీసుకుంటానంటే చూపులేనివాళ్ళకు కుదరదన్నారు. ఆయన కోర్టుకెళ్ళి సాధించుకున్నారు. పట్టుదల సరే. ఆ నియమం ఎవరు పెట్టారు, ఎన్నేళ్ళుంది, దానివల్ల సైన్సు చదవకుండా ఆగిపోయిన మిగతా పిల్లలెవరు? కోర్టుకెళ్ళే ఓపిక లేని పిల్లాడు పట్టుదల లేనివాడై పోయాడా? మా రోజుల్లో మాకు మూడే దారులుండేవి. కుర్చీలు అల్లడం, టెలిఫోన్ ఎత్తడం, సంగీతం చెప్పడం. నాకు సంగీతం రాదు. అల్లిక అంటే విసుగు. అలా ఆపరేటర్నయ్యాను, ఇందులో పట్టుదల ఏమీ లేదు.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. చూపులేదన్న కారణంతో జడ్జి ఉద్యోగాలకు పోటీ పడకుండా ఆపకూడదని. మధ్యప్రదేశ్‌లో అలా ఆపే నియమం ఉండేది, దాన్ని కొట్టేశారు. అంధులూ జడ్జీలు కావచ్చని పేపర్లు పెద్దక్షరాల్లో వేశాయి. ఈ కేసు ఎలా మొదలైందో కింద ఎక్కడో ఉంటుంది, ఉంటే. చూపులేని ఒక అభ్యర్థి తల్లి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. నేనైతే ఆ ఉత్తరంతోనే వార్త మొదలుపెట్టేవాణ్ణి. ఎందుకంటే ఈ హాల్లో కూర్చున్న అమ్మల్లో ఎవరికైనా అలాంటి ఉత్తరం రాసే అవసరం రేపు రావచ్చు. రాస్తే పనవుతుందని తెలియడం పెద్ద సమాచారం.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంకో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకో సిమ్‌కార్డుకో ఫోన్లో కేవైసీ చెయ్యాలంటే కెమెరా వైపు చూసి కళ్ళు ఆర్పమంటుంది. చూపులేనివాళ్ళు, యాసిడ్ దాడిలో ముఖం దెబ్బతిన్నవాళ్ళు ఏం చెయ్యాలి? డిజిటల్ సేవలు అందరికీ అందేలా ఉండటం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. బ్యాంకులో బతుకంతా గడిపినవాణ్ణి, నాకే ఆ కళ్ళార్పుడు పరీక్ష గట్టెక్కడానికి మనవడి సాయం కావలసి వచ్చింది. తల పైకి, తాతా, ఇంకొంచెం కిందికి, అబ్బా, ఎక్కువైంది. మా ఇంట్లో తెలుగు పేపరు ఆ తీర్పును లోపలి పేజీలో వేసింది. జ్యోతిష్యం పక్కన.

ఇక కొంచెం ఇంటి సంగతి. మేనరికాల మీద వ్యాసాలు అప్పుడప్పుడూ ఆరోగ్యం పేజీలో వస్తుంటాయి. డాక్టరుగారి ఫోటో, పక్కన సోడాబుడ్డి కళ్ళద్దాల పాప బొమ్మ ఉంటాయట. మా ఆవిడ దాటేసే వాటిలో ఇది మొదటి రకం. మా అమ్మ సొంత మేనమామను చేసుకుంది. నా జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రేచీకటి వస్తుంది. తర్వాత పక్కలు కనపడటం మానేస్తాయి. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలి, చివరికి అదీ పోతుంది.

వ్యాసంలో చెప్పే శాస్త్రం నిజమే. దాన్ని కాదనను. ఈ రకం జబ్బుల్లో చాలావాటికి లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సుమారు పావువంతు ఉమ్మడిగా ఉంటుంది. అందుకని ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేము నలుగురం. నాకూ వచ్చింది, మా చెల్లికీ వచ్చింది. లెక్క ప్రకారం ఒకరికే రావాలి కదా అంటాడు మా అన్నయ్య. లెక్క అలా ఉండదు, ప్రతి కాన్పుకూ గవ్వలు మళ్ళీ కొత్తగా వేసినట్టే. మేనరికం లేని ఇళ్ళలోనూ ఈ జబ్బు వస్తుంది, అదీ చెప్పాలి.

మన ఈ సరిహద్దు ఊళ్ళలో దీనికి ఇంకో ముఖం ఉంది. ఒడియా ఇళ్ళలో మేనమామ కూతురంటే చెల్లెలితో సమానం. మామూని పెళ్ళాడటమంటే వాళ్ళు చెవులు మూసుకుంటారు. మా అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటి మౌసీ అడిగిందట, మామూని ఎలా చేసుకున్నావే అని. అమ్మ ఏమందో తెలుసా? పరాయింట్లో అత్త కొడితే అడిగేవాళ్ళుండరు, ఇక్కడ అత్త మా అమ్మమ్మే అంది. మేనరికం మీద నేను విన్న వ్యాసాల్లో ఆ జవాబుకు చోటు లేదు. పిల్లను తెలియని చోటికి పంపాలంటే భయం, కట్నం భారం, ఉన్న రెండెకరాలు చెయ్యి దాటిపోతాయన్న దిగులు. ఇవన్నీ అలాగే ఉండగా మేనరికాలు మానండి అని చివర ఒక వాక్యం రాస్తే ఎవరు మానతారు? ఇప్పటికే చేసుకున్నవాళ్ళ మాటేమిటి? జన్యు పరీక్షల గురించి, కౌన్సెలింగ్ గురించి, సందెవేళ పిల్లాడు గడప తట్టుకుంటుంటే వెంటనే చూపించాలన్న సంగతి గురించి రెండు ముక్కలు ఉండొద్దా? వాటి బదులు అదే పేజీలో పొన్నగంటి కూర గుణాలు రాస్తారు. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటికి ఆకుకూరలు పనికొస్తాయి, నాలాంటి దానికి పనికిరావు. నా చిన్నతనమంతా పొన్నగంటి కూరే. ఇప్పటికీ దాని వాసన పడదు.

ఇంకొక సంగతి. మా బంధువొకాయన అలాంటి వ్యాసాన్ని కత్తిరించి తెచ్చి మా అమ్మ చేతికిచ్చాడు. చూశావా, అన్నాడు. మా నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన చేతికి ఇవ్వలేదు. పదమూడేళ్ళప్పుడు తనను అడక్కుండా చేసిన పెళ్ళికి అమ్మ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. నా కూతురికి మా అక్క కొడుకును అడిగినప్పుడు నేను ఒప్పుకోలేదు, అక్క చాలాకాలం మాట్లాడలేదు. అయినా ఆ కాగితం ముక్క సంగతి తలుచుకుంటే, రాసిన డాక్టరుగారి మీద కన్నా ఆ కత్తెర పట్టుకున్న చేతి మీద కోపం వస్తుంది.

లెక్కల వార్తలు ఇంకో తీరు. దేశంలో అంధత్వం ఒక శాతం నుంచి 0.36 శాతానికి పడిపోయిందని విన్నాం. 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వే లెక్క అది. తగ్గింది నిజమే, శుక్లాల ఆపరేషన్లు బాగా పెరిగాయి. అయితే ఆ రెండు అంకెల మధ్య ఒక సంగతి జరిగింది. ఆరు మీటర్ల దూరం నుంచి వేళ్ళు లెక్కపెట్టలేకపోతే అంధులు అనేది పాత లెక్క. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు సరిపోయేలా దాన్ని మూడు మీటర్లకు దించారు. అంటే ఆరు మీటర్ల దగ్గర కనపడక, మూడు మీటర్ల దగ్గర కనపడే ముసలాయన పడుకుని లేచేసరికి అంధుల జాబితాలోంచి పోయాడు. ఆయన కంటికి ఎవరూ ఏమీ చెయ్యలేదు. కొలత మార్చడం తప్పనను, దానికీ కారణాలున్నాయి. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి సంబరపడేటప్పుడు ఆ సంగతి ఒక ముక్క రాయాలి. యాభై దాటినవాళ్ళలో అంధత్వానికి మూడింట రెండు వంతుల దాకా కారణం శుక్లాలేనని అదే సర్వే చెప్పింది. అంటే ఆపరేషన్ చేస్తే చూపొచ్చేవాళ్ళు ఇంకా ఇంతమంది ఎందుకు మిగిలారు? మా పక్క కొండల్లోని సవర ముసలమ్మను ఎవరు కిందికి దింపాలి, రెండు రోజులు కూలి మానుకుని ఆమె వెంట ఎవరుండాలి? శిబిరం ఫోటోలో పచ్చగుడ్డ కట్టిన కళ్ళ వరుస గురించి మా ఆవిడ చెప్తుంటుంది. రాలేకపోయినవాళ్ళకు ఫోటో ఉండదు.

నోట్ల గురించి ఒక్క నిమిషం. 2017లో రెండు వందల నోటు వచ్చినప్పుడు పేపర్లన్నీ దాని పసుపు రంగు గురించి రాశాయి. మాకు నోటు పొడవు ముఖ్యం. వంద నోటు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. వెడల్పు మూడింటికీ ఒకటే. నాలుగు మిల్లీమీటర్ల తేడా, అదీ నలిగిన నోటులో, సంతలో, చేపలమ్మాయి తొందరపెడుతుంటే! గుర్తుపట్టడానికి అంచుల్లో ఉబ్బెత్తు గీతలు పెట్టారు గానీ నోటు పాతబడితే అవీ అరిగిపోతాయి. వదిలేద్దాం.

నది సంగతి చెప్పకపోతే ఈ ఊళ్ళో మాట్లాడినట్టే కాదు. మహేంద్రతనయ ఇవతల మనం, అవతల పాతపట్నం. శ్రీకాకుళం ఎడిషన్లో దివ్యాంగుల పింఛను ఆరు వేలు చేశారని 2024లో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ పింఛను. మర్నాటి నుంచి మా వీధిలో నన్ను చూసినవాళ్ళంతా, మీకు ఆరు వేలట కదండీ అనడమే. మనకు ఇక్కడున్నది ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను. ఎనభై శాతం, ఆ పైన వైకల్యముంటే 3,500 రూపాయలు, అంతకన్నా తక్కువైతే డబ్బూ తక్కువే. నాకు బ్యాంకు పింఛను ఉంది, ఏ గొడవా లేదు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన అంధుడికి మాత్రం తెలుగు పేపరు చూస్తే ఆశ, ఆఫీసుకెళ్తే నిరాశ. మన తెలుగు పేపరు మనది కాని రాష్ట్రం గురించి చెప్తుంది, మన రాష్ట్రం గురించి చెప్పే పేపరు చాలామంది తెలుగు ముసలివాళ్ళు చదవలేరు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పటి నుంచీ ఇదే తంతు. అప్పుడే పంతులుగారు మనసు విరిగి రాజమండ్రి వెళ్ళిపోయారు.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, బ్రెయిలీలో ఈ తగాదా లేదు. 1951లో భారతీ బ్రెయిలీ అని దేశభాషలన్నిటికీ ఉమ్మడి పద్ధతి ఒప్పుకున్నారు. ఒకటో చుక్క, మూడో చుక్క కలిపితే తెలుగులో క, ఒడియాలోనూ క. నా వేలు ఒడియా పుస్తకం మీద తిరిగితే అక్షరాలన్నీ తెలిసినవే, అర్థం మాత్రం పక్కింటి మాస్టారు చెప్పాలి. ఈ ముక్క ఏ పేపరైనా వేస్తుందేమోనని ఎదురుచూస్తున్నాను.

ఆఖరుగా, ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. అంటే ఇప్పుడే. రోజూ వ్యాసాలు వస్తున్నాయి. చదివినవాళ్ళు నా దగ్గరికొచ్చి, మౌసా, మీరూ కళ్ళు వేయించుకోవచ్చు కదా అంటారు. దానం చేసిన కంటిలో చూపు కోసం అతికించేది కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర. అది పాడైనవాళ్ళకే దానితో చూపొస్తుంది. నాకు పాడైంది వెనకనున్న రెటీనా. ఈ తేడా వ్యాసంలో రాస్తే నాకు రోజూ ఇన్ని సలహాలు తప్పుతాయి, అది నా స్వార్థం. మీకు పనికొచ్చేది వేరే ఉంది. కార్నియాను చనిపోయిన ఆరు గంటల్లోపు తియ్యాలి. కళ్ళద్దాలున్నవాళ్ళూ, షుగరున్నవాళ్ళూ ఇవ్వొచ్చు. ఐ బ్యాంకు వాళ్ళు వచ్చేలోపు కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. గదిలో ఫ్యాన్ ఆపెయ్యాలి, లేకపోతే పొర ఎండిపోతుంది. చావింట్లో ఎవరికీ తోచని పని ఇదే. జనం గుమిగూడతారు, ఉక్కపోస్తుంది, ఎవరో ఒకరు ఫ్యాను వేస్తారు.

ఈ సభ వార్త రాయడానికి ఇద్దరు విలేఖరులు వచ్చారని చెప్పారు. బాబూ, నల్ల కళ్ళద్దాలతో నా ఫోటో తీసుకున్నారట, వేసుకోండి. మనోనేత్రం మాత్రం వద్దు. ఎంత కత్తిరించినా ఆ ఆరు గంటల సంగతి, ఆ ఫ్యాను సంగతి మాత్రం ఉంచండి. వీలైతే ఒడియా పేపర్లో కూడా.